ఎరుపు నల్లబడే లోతు

గోర్నీ లూగ్,
ఫిబ్రవరి 11, 2009

దేసాంకా,

నువ్వు క్షేమమా అని అడగను, నేను క్షేమమని రాయను. ఇద్దరికీ తెలిసిన అబద్ధాన్ని కాగితం మీద పెట్టడం దేనికి. నాలుగు తరగతులు చదివినవాణ్ణి. అక్షరం వంకరగా ఉంటే కళ్ళజోడు తుడుచుకుని చదువుకో. ఇన్నేళ్ళూ నీకు ఉత్తరాలు రాసింది మీ అక్క. చివర్లో "మిలాడిన్ కూడా నిన్ను అడిగానన్నాడు" అనే ముక్కలో తప్ప నేను ఎక్కడా ఉండేవాణ్ణి కాదు. ఆ ముక్క కూడా నేను అనకుండానే ఆమె రాసేది. నీకు ఫోనులో వినపడదు కాబట్టి ఇప్పుడు నేను రాయాల్సి వచ్చింది.

రోసాండ దొరకలేదు. అక్టోబరులో పడవ వేసుకుని వెళ్ళిన మనిషి, పడవా లేదు, ఆమే లేదు. పోలీసు ఈతగాళ్ళు పదకొండు రోజులు వెతికి, మంచు పడగానే సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. నువ్వు పుట్టి పెరిగింది ఇక్కడే, నీకు చెప్పక్కర్లేదు: ఇంట్లో మనిషి పోతే, మట్టి చేసిన రోజు నుంచి నలభై రోజులు మగవాడు గడ్డం ముట్టడు. మట్టి చెయ్యందే లెక్క ఎక్కడ మొదలవుతుంది? గడ్డం రెండో గుండీ దాకా వచ్చింది. పోయిన రోజు నుంచి లెక్కేసుకో మిలాడిన్ అని ఫాదర్ అన్నాడు. ఆమెని నువ్వు పూడ్చావా అని అడిగా.

కొవ్వొత్తి పెట్టడానికి సమాధి లేదు. ఆదివారం రేవులో రాతి మీద పెడతా. గాలికి ఆరిపోతుంది. మళ్ళీ వెలిగిస్తా. మూడు అగ్గిపుల్లలు అయిపోతే ఇంటికి వచ్చేస్తా.

అసలు సంగతి. ఆనకట్ట దగ్గరున్న క్లబ్బులో నీళ్ళ కింద ఈదడం నేర్చుకుంటున్నా. అరవై ఆరేళ్ళకి ఇదేమిటని అడగకు. డాక్టరు చూసి సంతకం పెట్టాడు, తన గుండె కంటే నా గుండె గట్టిగా ఉందన్నాడు. మన సరస్సు అడుగున నీళ్ళు వేసవిలో కూడా మంచులా ఉంటాయి, వేడి సముద్రాల్లో దిగేవాళ్ళ సామాను ఇక్కడ పనికిరాదట. అన్నీ ఒక్కొక్కటిగా కొనుక్కోవాలి. ముందు ముఖానికి పెట్టుకునే మాస్కు కొన్నా. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలి, అది ఊడిపడకూడదు. అదీ పరీక్ష. దుకాణంలో ఆరు పెట్టి చూశా. ఆరూ ఊడిపడ్డాయి. అమ్మేవాడు నా మీసాల వంక చూశాడు. నేను వాడి వంక చూశా. ఏడోది పరీక్ష లేకుండా కొనుక్కుని వచ్చేశా.

నడుముకి సీసం కావాలి. అది కొనలేదు. వలలకున్న సీసం గుండ్లన్నీ కోసి, మీ అక్క రేగుపళ్ళ జాము వండే గిన్నెలో కరిగించి, ఇటుక ముక్కల్లా పోసుకున్నా. పద్నాలుగు కిలోలు తేలింది. వలలతో ఇక పనేముంది.

ఒకటి అడుగుతా, జవాబు రాయి. కిందటేడు కొత్త సంవత్సరానికి నువ్వు ఆమెకి అల్లి పంపిన స్వెటర్ ఏ రంగు? పెట్టెలో లేదు. నాకు గుర్తు రావడం లేదు. నలభై ఒక్క ఏళ్ళు కాపురం చేశా, ఏం తొడుక్కుందో చూసిన పాపాన పోలేదు.

మిలాడిన్


సుబోతిత్సా,
ఫిబ్రవరి 24

బావా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతుండగా పొయ్యి మీద చిక్కుడు గింజలు మాడిపోయాయి.

అక్క జాము వండే గిన్నెలో సీసం కరిగించి నడుముకి కట్టుకుంటున్నానని ఆమె మొగుడు రాస్తే చదివేవాళ్ళు ఏమనుకోవాలి? పద్నాలుగు కిలోలు కట్టుకుని నీళ్ళలో దిగేది పైకి రావడానికా? క్లబ్బు, డాక్టరు, మాస్కు అని మీరు ఎన్ని రాసినా నా కళ్ళకి ఆ సీసం ఒక్కటే కనబడుతోంది. మీ పక్కింటి ఇకోనియాకి రాశాను, రోజుకోసారి మీ పొగగొట్టం వంక చూడమని, పొగ రాకపోతే తలుపు కొట్టమని. కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా నాకు వినపడదు.

నా కుడి చెవి పూర్తిగా పోయింది. ముప్పై ఏళ్ళు మగ్గాల మిల్లులో పనిచేసినందుకు అదీ పింఛనులో భాగమే. అక్టోబరులో ఎడమ చెవికి ఆపరేషన్ చేశారు. తోడుగా రమ్మని అక్కకి రాశాను, మీరు ఆ ఉత్తరం చూసే ఉంటారు. ఒక్క ముక్క జవాబు రాలేదు. ఆసుపత్రిలో నా మంచం పక్క కుర్చీ ఖాళీగా ఉంటే నర్సు దాని మీద దుప్పట్లు పెట్టుకునేది. అక్క మీద కోపంతోనే మత్తులోకి వెళ్ళాను. మూడో రోజు మీ కబురు వచ్చింది. ఆ కోపం ఇంకా నాలోనే ఉంది బావా. దాన్ని ఇప్పుడు ఎవరికి ఇవ్వను?

ఇక్కడ అంతా మైదానం. కిటికీలోంచి చూస్తే చూపు ఎక్కడా ఆగదు. పైవాటా వాళ్ళమ్మాయి పియానో నేర్చుకుంటోందట. నాకు గోడ అదరడమే తెలుస్తుంది.

స్వెటర్ ఎరుపు. దానిమ్మ గింజ ఎరుపు, చెక్క గుండీలు. ఎందుకు అడిగారు? పెట్టెలో లేకపోతే ఎటు పోయింది? అక్క బట్టలు నాకు చెప్పకుండా ఎవరికీ ఇవ్వకండి.

మీ మరదలు
దేసాంక


గోర్నీ లూగ్,
మార్చి 20

దేసాంకా,

చావాలనుకున్నవాడు సీసం కరిగిస్తూ కూర్చుంటాడా? ఈ కొండల్లో రాళ్ళకి కరువొచ్చిందా? ఆ సూటులో గాలి ఉంటుంది, సీసం లేకపోతే మనిషి బెండులా పైనే తేలతాడు. అందుకు సీసం. చదువుకున్నదానివి, అడిగి తెలుసుకో, తరవాత భయపడు.

నీళ్ళలోకి దిగేది ఆమెని వెతకడానికి. మట్టి చెయ్యడానికి. ఇంకే కారణమూ లేదు.

ఇకోనియా నెలలో మూడుసార్లు ఉప్పు అరువుకి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నా గిన్నె మూత తీసి చూసింది. ఇంత ఉప్పుతో ఏం చేస్తోందో అడిగి రాయి.

సామాను సంగతి. క్లబ్బులో నేర్పేది నెవేనా అనే ఆమె, బడిలో వ్యాయామం టీచరు. నా బెల్టు చేత్తో ఎత్తి చూసి, "పెద్దాయనా, దిగుతున్నావా, లంగరు వేస్తున్నావా?" అంది. నాలుగు కిలోలు తీయించింది. సరే అన్నా. రెగ్యులేటర్ దగ్గర మాత్రం ఆమె మాట వినలేదు. గాలి సిలిండర్ నుంచి నోటికి వచ్చేది ఆ రెగ్యులేటర్ లోంచే. చల్లనీళ్ళకి తయారుచేసింది వేరే ఉంటుంది, అదే కొనమంది. బార్ అనే సముద్రపు రేవు పట్నంలో ఒక నావికుడు తనది సగానికి ఇస్తానన్నాడు, ఇత్తడి తళతళలాడుతోంది, కొనేశా. గాలి గాలే కదా, చల్లగాలికీ వేడిగాలికీ వేరే గొట్టం ఏమిటి అనుకున్నా. ఆరు మీటర్ల లోతులో అది గడ్డకట్టింది. మూసుకుపోవడం కాదు, తెరుచుకుని ఉండిపోయింది, ఆవిరి ఇంజనులా గాలంతా కక్కేసింది. నెవేనా తన దగ్గరున్న రెండోది నా నోట్లో పెట్టి పైకి తెచ్చింది. ఒడ్డున తిట్టలేదు. ఆ ఇత్తడి దాన్ని నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది.

మంచిది కొన్నా. అందుకోసం ఆవుని అమ్మేశా. ఒక్కడికి అన్ని పాలెందుకు.

సూటు పాతది, ఒక పళ్ళ డాక్టరుది. లోపలికి నీరు రాని సూటు. ఆయన పొట్ట నా పొట్టకి మూడింతలు. మెడ దగ్గర రబ్బరు ఉంటుంది, గొంతుకి సరిపోయేదాకా సన్నగా ఒక్కొక్క వరస కత్తిరించుకుంటూ తొడిగి చూసుకోవాలట. యాభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించిన చెయ్యి నాది. గొర్రెల కత్తెర తీసుకుని ఒక్క వేటులో చుట్టూ తిప్పేశా. గొర్రె అయితే మెచ్చుకునేది. దిగితే నీళ్ళు మెడలోంచి మోకాళ్ళ దాకా వచ్చాయి. కొత్త రబ్బరు అతికించారు. అయినా కారుతోంది. గడ్డం వెంట్రుకలు కిందికి దూరుతున్నాయి, వాటి వెంట నీరు వస్తోందని నెవేనా అంది. ఆ మాట నా దగ్గర ఎత్తొద్దన్నా.

ఇంకొకటి. ఆ సూటు తడవనివ్వదు కానీ వెచ్చగా ఉంచదు. లోపల ఒంటినిండా ఉన్ని ఉండాలి, మెడ నుంచి మడమ దాకా ఒకటే. అటక మీద మీ అక్క వడికి చుట్టిన ఉన్ని ఉండలు పద్దెనిమిది ఉన్నాయి. బస్సులో పంపుతున్నా. కొలతలు దారం ముక్కలకి ముళ్ళు వేసి లోపల పెట్టా: పొడుగుది ఎత్తు, పొట్టిది చెయ్యి, నడిమిది ఛాతీ. అల్లి పంపు.

ఎరుపని రాశావు. అది మంచి రంగు కాదు. నీళ్ళు అన్నిటికంటే ముందు ఎరుపునే మింగుతాయట. పది మీటర్లు దాటితే ఎరుపు నల్లబడిపోతుంది, బురదకీ దానికీ తేడా ఉండదు. దగ్గరకెళ్ళి టార్చి వేస్తేనే ఎరుపు మళ్ళీ ఎరుపవుతుంది. టార్చి మంచిది కొనాలి.

మిలాడిన్


సుబోతిత్సా,
ఏప్రిల్ 26

బావగారికి,

ఇకోనియా నుంచి ఉత్తరం వచ్చింది. ఈస్టర్ ముందు శనివారం, పట్టపగలు, రేవులో పడవ బోర్లించి దాని మీద మీరు కూర్చున్నారట. ఒక పడుచుపిల్ల మీ మెడ పట్టుకుని గడ్డం గీస్తోందట. మీరు కళ్ళు మూసుకుని ఉన్నారట. ఈస్టరు రోజు మీరు చర్చిలోకి నున్నటి ముఖంతో వస్తే ఆడవాళ్ళంతా పక్కకి జరిగారట. ఆ అమ్మాయి కారు వారానికి రెండుసార్లు మీ ఇంటి ముందు ఆగుతోందట.

ఫిబ్రవరిలో మీరు చస్తారేమోనని నేను నిద్రపోలేదు. ఎంత తెలివితక్కువదాన్ని.

మట్టి చెయ్యందే లెక్క మొదలు కాదని మీరే కదా రాశారు? ఆరు నెలలకే లెక్క పూర్తయిందా? షారుల్యా అక్క చేతుల్లో పుట్టిన ఆవు. దూడగా ఉన్నప్పుడు చలికాలం అంతా వంటింట్లో పెట్టుకుని పెంచింది. దాన్ని అమ్మి ఏదో రబ్బరు గొట్టం కొన్నానని ఒక్క ముక్కలో రాసి పడేశారు.

వెతకడానికి అన్నారు. మీరు చూపించిన చోట, వలలు వేసే మలుపులో, చదువుకున్న ఈతగాళ్ళు పదకొండు రోజులు వెతికారు. వాళ్ళకి దొరకనిది మీకు ఎలా దొరుకుతుంది? పైగా స్వెటర్ మాట. వలలు తియ్యడానికి వెళ్ళే మనిషి తెల్లవారుజామున చేపల జిగట్లోకి ఆ స్వెటర్ వేసుకుని వెళ్తుందా? పెళ్ళిళ్ళకి కూడా దాచి దాచి వేసుకునేది. వేసుకుని వెళ్ళలేదు. పెట్టెలోనూ లేదు. మరి అది ఇప్పుడు ఎవరి ఒంటి మీద ఉందో నన్ను అడగమంటారా?

ఉన్ని వచ్చింది. అది మా అక్క వడికిన ఉన్ని. మీ సరదాలకి నేను అల్లను.

జవాబు అక్కర్లేదు.

దేసాంక


గోర్నీ లూగ్,
మే 9

దేసాంకా,

ఉత్తరం అందింది. ఆవుని కొన్నది ఇకోనియానే. అది రాసిందా?

మిగతా వాటికి నేను ఎవరికీ జవాబుదారీ కాదు. ఉన్ని నీ దగ్గరే ఉంచుకో.

మిలాడిన్


గోర్నీ లూగ్,
ఆగస్టు 2

దేసాంకా,

నువ్వు రాయవని తెలుసు. మూడు నెలలు నేనూ రాయలేదు. రాయకుండా ఉండడం నాకు కొత్త కాదు, దానికి చదువు కూడా అక్కర్లేదు. కానీ స్వెటర్ గురించి నువ్వు రాసిన మాట ముల్లులా ఉండిపోయింది. నిజం ఒక్కదానివే పట్టుకున్నావు. పోలీసులకి తట్టలేదు, ఫాదర్‌కి తట్టలేదు. వలల మీదికి ఎవరూ ఆ స్వెటర్ వేసుకుని వెళ్ళరు.

ఆమె వలలకి వెళ్ళలేదు.

నీ ఉత్తరం వచ్చింది. చెవి ఆపరేషన్, తోడుగా రా అని. ఆమె నాకు చదివి వినిపించింది. పది రోజులు వెళ్ళొస్తానంది. గొర్రెలు ఇంకా కొండ దిగలేదు, జున్ను తొట్టెలు సగంలో ఉన్నాయి, ఆవుని ఎవరు పితుకుతారు అన్నా. ఇకోనియా పితుకుతుందంది. నా ఇంట్లో ఇకోనియా ఏమిటన్నా. రెండు రోజులు అలా నడిచింది. మూడో రోజు భోజనం దగ్గర నేను ఒక మాట అన్నా. నీకు చెప్పకుండా చచ్చిపోవచ్చు, కానీ అప్పుడు అది నాతోనే ఉండిపోతుంది. "నీ చెల్లెలికి వచ్చింది చెవుడు, చావు కాదు" అన్నా.

ఆమె పళ్ళెం తీసేసింది. తెల్లవారుజామున నేను కొట్టంలో ఉండగా రేవులో గొలుసు చప్పుడయింది. అవతలి ఒడ్డున రోడ్డు మీద ఏడింటి బస్సు ఉంటుంది, అది పట్టుకుంటే సాయంత్రానికి రైలు. ఎప్పుడు వెళ్ళాలన్నా నేనే తెడ్డు వేసి దింపేవాణ్ణి. ఆ రోజు కొట్టం గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నా. వీపు కనిపించింది, సంచి కనిపించింది. ఏం తొడుక్కుందో చూడలేదు. పిలిస్తే వినపడే దూరమే. పిలవలేదు. పాలు పితకడానికి లోపలికి వెళ్ళిపోయా. అరగంటకి ఆనకట్ట వైపు నుంచి గాలి లేచింది. బస్సు ఎక్కేసి ఉంటుందిలే అనుకున్నా. రెండు రోజులు అలాగే అనుకున్నా.

పోలీసులు వచ్చి ఎటు వెళ్ళిందని అడిగారు. వాళ్ళ వెనక ఊరంతా ఉంది. మిలాడిన్ పెళ్ళాం సంచి సర్దుకుని పోయిందని నా నోటితో వాళ్ళ ముందు చెప్పాలా? వలలకి వెళ్ళిందన్నా. మలుపు చూపించా. పదకొండు రోజులు వాళ్ళు ఆ మలుపులో బురద దేవుతుంటే నేను ఒడ్డున నిలబడి, ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నా. పన్నెండో రోజు మంచు పడింది.

ఇందుకే నేనే దిగాలి. వెతకాల్సిన చోటు నాకు ఒక్కడికే తెలుసు.

గడ్డం సంగతి. నాలుగుసార్లు దిగా, నాలుగుసార్లూ గొంతులోంచి నీళ్ళు కారి, చలికి పళ్ళు కొట్టుకుంటుంటే పైకి తెచ్చేశారు. మాస్కులోకి మీసాల సందుల్లోంచి వేరే. అప్పుడు నెవేనా అడిగింది: "పెద్దాయనా, ఈ గడ్డం ఆమె కోసమా, ఊరి కోసమా?" వారం రోజులు క్లబ్బుకి వెళ్ళలేదు. తరవాత కత్తెర, రేజరు తెమ్మన్నా. నేనే గీసుకుందామని మొదలెట్టి రెండు చోట్ల కోసుకున్నా, అందుకని ఆమె గీసింది. కళ్ళు మూసుకున్నది ఎందుకో ఇకోనియాకి తెలిస్తే రాయమను. ఆ వెంట్రుకలు పారెయ్యలేదు. గుడ్డలో కట్టి బూట్ల పెట్టెలో పెట్టా. రోసాండ దొరికితే ఆమెతోపాటు మట్టిలో పెడతా.

అసలు చోటు వేరన్న సంగతి నెవేనాకి కిందటి నెలలోనే చెప్పా. ఆమె పోలీసులకి చెప్పమంది. వెళ్ళి చెప్పా. రాసుకున్నారు. మళ్ళీ మనుషుల్ని పంపాలంటే ఏదో ఒక ఆనవాలు కావాలట. అక్కడ ఒడ్డు నిటారుగా దిగుతుంది, ఆనకట్ట కట్టకముందు అది రేగు తోట. ఇరవై మీటర్ల దాకా నన్ను దించడానికి నెవేనా ఒప్పుకుంది. కానీ దుకాణంలో కొన్న లోపలి బట్టలు పలచన. పావుగంటకి వేళ్ళు పనిచెయ్యవు. ఆ పావుగంటలో ఏ తోట వెతకను.

ఆమె నీ దగ్గరికే బయల్దేరింది. ఇది నీకు తెలియాలి. నీ కుర్చీ ఖాళీగా ఉన్నది నా వల్ల.

మిలాడిన్


సుబోతిత్సా,
సెప్టెంబరు 21

బావా,

మీ ఉత్తరం వచ్చి నెల దాటింది. మొదటి వారం దాన్ని వంటింటి బల్ల మీద బోర్లించి ఉంచాను. రెండో వారం మీకు ఒక జవాబు రాసి చింపాను, తరవాత ఇంకొకటి రాసి చింపాను. వాటిలో ఏముందో మీరు ఊహించుకోగలరు, రెండోది ఇంకా ఘోరం.

మీరు అన్న ఆ మాట నాకు కావలసింది కాదు. కానీ దాంతోపాటే ఇంకొకటి పంపారు. ఏడాదిగా నేను అక్క మీద కోపంతో ఉన్నాను. జవాబు రాయలేదని, రాలేదని. జవాబు రాయనిది తనే వస్తోంది కనక. పడవ నడిపేవాళ్ళు ఎవరూ లేకపోయినా తనే బయల్దేరింది. నేను అల్లిన స్వెటర్ వేసుకుని, నాకు చూపించడానికి. ఆసుపత్రిలో మత్తు దిగాక నేను మొదట చూసింది ఆ కుర్చీనే. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అందులో తను కూర్చుని ఉంటోంది. మీరు ఇచ్చింది ఇదీ, పోగొట్టింది ఇదీ. రెండూ ఒకే చేత్తో.

మిమ్మల్ని క్షమించానని రాయను. రాస్తే మీరు నమ్మరు కూడా.

ఇకోనియాకి ఇక రాయనని రాశాను. ఆవుని కొన్న సంగతి ఎందుకు దాచావని చివర్లో అడిగాను.

పార్శిల్లో ఉన్నది ఒకసారి తొడుక్కుని చూడండి. పద్దెనిమిది ఉండలూ అయిపోయాయి. అక్క ఉన్ని ఎప్పుడూ ఒకేలా వడకదు, పలచన మందం కలిసి ఉంటుంది. ఎక్కడ మందం వచ్చిందో అక్కడ ఎవరితోనో మాట్లాడుతూ వడికి ఉంటుంది. ఆ చోట్లు ఛాతీకీ వీపుకీ వచ్చేలా చూసుకున్నాను. మెడ పట్టీ ఎత్తుగా అల్లలేదు, రబ్బరు కిందికి ఉన్ని వస్తే నీరు దిగుతుందని మీ గడ్డం కథలోంచి నేర్చుకున్నాను. కుడి మణికట్టుకి సూటు మీద కట్టుకోవడానికి ఎర్ర పట్టీ ఒకటి వేరే అల్లాను. ఆ స్వెటర్లో మిగిలిన దారం అది. లోతులో టార్చి వేసుకుని దాన్ని చూడండి. ఏ ఎరుపు కోసం వెతుకుతున్నారో మీ కళ్ళకి తెలుస్తుంది.

ఇరవై మీటర్లు అంటే ఇరవయ్యే. ఇరవై ఒకటి కాదు. ఆ అమ్మాయి ఆగమంటే ఆగండి. జీవితంలో ఒక్కసారి ఎవరైనా ఆగమంటే ఆగండి.

దేసాంక


గోర్నీ లూగ్,
అక్టోబరు 12

దేసాంకా,

సరిపోయింది. చంకలో కాస్త బిగువు. నలభై నిమిషాలు ఉన్నా, వేళ్ళు పనిచేస్తూనే ఉన్నాయి.

నాలుగు రోజులు దిగాం. మొదటి మూడు రోజులూ బురద, రాళ్ళు, ఎవరో పారేసిన పొయ్యి. అక్కడ చప్పుడు ఉండదు. నీ ఊపిరి నీకే వినపడుతుంది, పీలిస్తే ఒక చప్పుడు, వదిలితే బుడగలు. ఈ ఏడాది మా ఇల్లు ఎలా ఉందో అచ్చం అలా ఉంటుంది. అందుకని నాకు కొత్తగా లేదు. కిందికి పోయేకొద్దీ పచ్చదనం ముదిరి నల్లబడుతుంది. మణికట్టుకి కట్టిన నీ ఎర్ర పట్టీ మీద టార్చి వేసి చూసుకునేవాణ్ణి. ఎర్రగా మండేది. టార్చి తిప్పితే బొగ్గు.

నిన్న రేగు తోట దొరికింది. చెట్లు అలాగే నిలబడి ఉన్నాయి, ఆకులు లేవు. పద్దెనిమిది మీటర్ల దగ్గర మన పడవ, ఒక పక్కకి ఒరిగి. గొలుసు గుర్తుపట్టా. తెడ్డు ఒక్కటే ఉంది. నెవేనా వేళ్ళు చూపించింది, ఇరవై దగ్గర పడుతోందని. నేను పడవ అంచు పట్టుకుని కిందికి టార్చి వేశా. వాలులో ఇంకో చెట్టు ఉంది, నాకంటే ఐదారు మీటర్ల కింద. కొమ్మల్లో నల్లటిది ఏదో చిక్కుకుని ఉంది. చెట్టు తొర్ర అనుకున్నా. టార్చి దాని మీద నిలబెట్టా.

ఎర్రబడింది.

దేసాంకా, అది ఐదారు మీటర్లు. మా వాకిలంత. బెల్టు మీద సీసం ఉంది, చెయ్యి వదిలితే చాలు. నెవేనా నా భుజం పట్టీ పట్టుకుంది, గట్టిగా కాదు. కదిలితే ఊడొచ్చేంత. నేను కదల్లేదు. కొట్టం గుమ్మంలో నిలబడినట్టే నిలబడిపోయా. అప్పుడు నిలబడింది పొగరుతో. ఇప్పుడు నిలబడింది నువ్వు రాశావని. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. నోట్లో గొట్టం ఉంటుంది, పిలవడానికి లేదు. అయినా పిలిచా. మాస్కులోకి నీళ్ళు వచ్చాయి, గడ్డం లేదు, మీసం లేదు, ఎక్కడి నుంచి వచ్చాయో తెలీదు.

పైకి వచ్చాం. నెవేనా పోలీసులకి ఫోను చేసింది. వాళ్ళ ఈతగాళ్ళు రేపు ఉదయం వస్తారు. మట్టి చెయ్యడం శనివారం. ఫాదర్‌తో మాట్లాడా. ఎక్కడ దొరికింది, ఎటు వెళ్తూ పోయింది అన్నీ చెప్పా. ఊళ్ళో కూడా చెప్పా, ఇకోనియా గుమ్మంలో నిలబడి అందరికీ వినపడేలా చెప్పా, మళ్ళీ చెప్పే పని లేకుండా.

నువ్వు రా. వేళకి అందాలని ఈ ఉత్తరం బస్సులో పంపుతున్నా. రైలు దిగి ఇటు వచ్చే బస్సు ఎక్కితే అవతలి ఒడ్డున దింపుతుంది. అక్కడ పడవతో ఉంటా. నున్నటి ముఖంతో ఒక ముసలాడు కనిపిస్తే వాణ్ణే పిలువు. నువ్వు నన్ను అలా చూసి నలభై ఏళ్ళయింది.

మిలాడిన్


గోర్నీ లూగ్,
అక్టోబరు 29

దేసాంకా,

నువ్వు వెళ్ళాక రెండు రోజులు వాన. నువ్వు మర్చిపోయిన గొడుగు గుమ్మం దగ్గరే ఉంది, తియ్యలేదు.

సామానంతా కడిగి ఆరబెట్టా. మాస్కు, సూటు, రెగ్యులేటర్ నెవేనాకి ఇచ్చేశా, క్లబ్బులో కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పనికొస్తాయి. సీసం కూడా ఇచ్చేశా. నువ్వు అల్లింది మాత్రం ఇవ్వలేదు. కొట్టంలో చలిగా ఉంటుంది. ఇకోనియా ఉదయం ఆవుని తోలుకొచ్చి మా వాకిట్లో కట్టేసి వెళ్ళిపోయింది. మూడు గిన్నెల ఉప్పు కూడా తెచ్చిపెట్టింది.

ఆదివారం ఆమె సమాధి మీద కొవ్వొత్తి పెట్టా. అక్కడ రాళ్ళ చాటు ఉంది, గాలి తగలదు. ఒక్క అగ్గిపుల్ల సరిపోయింది. చాలాసేపు కూర్చున్నా, వచ్చెయ్యడానికి కారణం దొరకలేదు.

మట్టి చేసి ఇవాళ పన్నెండో రోజు. గడ్డం గరుకుగా మొలిచింది, తెల్లగా. అద్దంలో చూసుకుని లెక్క పెట్టుకుంటున్నా. ఇంకా ఇరవై ఎనిమిది ఉన్నాయి. నలభయ్యో రోజుకి గోధుమలు ఉడికించి పంచదారా అక్రూటు పప్పూ కలిపి చర్చికి తీసుకెళ్ళాలి. ఎంతసేపు ఉడికించాలో, ఎంత నీళ్ళు పొయ్యాలో నాకు తెలీదు. ఇకోనియాని అడగను. నువ్వు రాయి.

నువ్వు ఎలా ఉన్నావు? చెవి ఎలా ఉంది? ఈ ముక్క ఎవరో నా పేరుతో రాసింది కాదు. నేనే అడుగుతున్నా.

మిలాడిన్